హ్యామ్‌స్ట్రింగ్ దెబ్బ మానుతుండగా హాట్ యోగా: వేడిగదిలో నొప్పి లేదు, మర్నాడు కుంటుతున్నాను. ఏది మానాలి, ఎంత చేయాలి?

ఎడిసన్_ఉదయం

కుడి తొడ వెనక కండరం పైకొస దగ్గర దెబ్బతింది. కూర్చుంటే కుర్చీకి ఆనే ఎముక ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ. 9 వారాలైంది. ఎంఆర్ఐలో చిరుగు లేదు, టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే నార) మందమైంది, చుట్టూ కొంచెం వాపు ఉంది అని రాశారు. మొదట్లో కూడా తొడ కమిలి నల్లబడలేదు.

ఇప్పుడు నడక, మెట్లు ఇబ్బంది లేవు. అరగంట కూర్చుంటే సలుపు మొదలవుతుంది. వంగి బూటు లేసు కట్టుకుంటే లోపల పీకుతుంది. ఫిజియో బ్రిడ్జ్ వ్యాయామాలు (వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తేవి) ఇచ్చారు. యోగా గురించి అడిగితే "నొప్పి లేనంత వరకు చేసుకోండి" అన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. నేను వెళ్లేది 26 ఆసనాల హాట్ యోగా క్లాసుకి. 90 నిమిషాలు, గది 40 డిగ్రీలు. లోపల నొప్పే తెలియదు, అరచేతులు హాయిగా నేలకు ఆనుతాయి. మర్నాడు పొద్దున మంచం దిగుతుంటే కుంటాల్సి వస్తోంది. స్టూడియో ఇంటికి 35 నిమిషాల డ్రైవు.

నా ప్రశ్నలు: పూర్తిగా మానేయాలా? మానక్కర్లేదంటే ఏ ఆసనాలు పక్కన పెట్టాలి? క్లాసుకు ముందు ఐబుప్రొఫెన్ ఒకటి వేసుకుని వెళ్తే తప్పా?

ఫిజియో_తుంటిమోకాలు

ముందు ఒకటి తేల్చుకోండి. నొప్పి మోకాలు దాటి పిక్కలోకి దిగుతోందా? తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం, దగ్గితే తుమ్మితే కాల్లోకి జివ్వుమని లాగడం ఉన్నాయా? ఉంటే అది నడుము దగ్గరి నరం సంగతి కావచ్చు, దాని దారి వేరు, కింద రాసేది దానికి పనికిరాదు. ఇకముందు ఎప్పుడైనా టప్‌మని శబ్దం వచ్చి తొడ వెనక కమిలితే ఆసనాల మాట వదిలేసి నేరుగా ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ రెండూ లేవనుకుని రాస్తున్నాను.

హ్యామ్‌స్ట్రింగ్ అంటే మూడు కండరాల జట్టు. మూడూ ఆ కూర్చునే ఎముకకే అతుక్కుని ఉంటాయి. నిలబడినప్పుడు టెండన్ ఎముక నుంచి తిన్నగా కిందికి దిగుతుంది. తుంటి దగ్గర వంగే కొద్దీ అది ఎముక అంచు మీదుగా చుట్టుకుని నొక్కుకుపోతుంది. గిలక మీద తాడు ఎలా ఒరుసుకుంటుందో అలా. మోకాలు చాపి వంగితే నొక్కుడుకి లాగుడు కూడా తోడవుతుంది. మీ టెండన్‌కి పడనివి ఈ రెండే: నొక్కుడు, లాగుడు. కూర్చుంటే సలపడం, లేసు కట్టుకుంటే పీకడం రెండూ దీనికి సరిపోతున్నాయి.

ఇప్పుడు వేడి. వేడికి కండరం మెత్తబడుతుంది, లాగుడును ఓర్చుకునే శక్తి పెరుగుతుంది. అందుకే రోజూ ముణుకుల దగ్గర ఆగే చేతులు అక్కడ నేలకు ఆనుతున్నాయి. ఎముక మీద టెండన్ నొక్కుడు మాత్రం వేడికి ఏమీ తగ్గదు. ఎక్కువ వంగారు కాబట్టి ఇంకా పెరుగుతుంది. పైగా టెండన్ చెప్పాల్సింది అప్పుడే చెప్పదు, కొన్ని గంటలాగి, తరచుగా మర్నాడు పొద్దున చెబుతుంది. "నొప్పి లేనంత వరకు" అనే సలహా చల్లని గదిలో కొంత పనిచేస్తుంది, 40 డిగ్రీల గదిలో పనిచేయదు.

దాని బదులు ఇలా కొలవండి. రోజూ పొద్దున, మంచం దిగిన పావుగంటకి, స్నానానికి ముందే, వెల్లకిలా పడుకుని కుడి మడమ కుర్చీ మీద పెట్టండి. మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఎడమ కాలు గాల్లో ఉంచి నడుము పైకెత్తి 10 సెకన్లు ఆగండి. నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె వేసి కాగితం మీద రాయండి. వ్యాయామం చేసేటప్పుడు 3 దాకా వచ్చినా ఫర్వాలేదు. కానీ 24 గంటలయ్యేసరికి పొద్దుటి అంకె అంతకుముందు ఉన్న చోటికి తిరిగి రావాలి. రాకపోతే, లోపల ఎంత హాయిగా ఉన్నా సరే, నిన్న చేసింది ఎక్కువైంది.

టెండన్ గట్టిపడేది బరువు మోస్తేనే, సాగదీస్తే కాదు. మొదటి మెట్టు, తుంటి దాదాపు తిన్నగా ఉంచి కదలకుండా పట్టి ఉంచడం: బ్రిడ్జ్ 30 నుంచి 45 సెకన్లు, 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం, రోజుకి 2 పూటలు. పొద్దుటి అంకె 3 లోపు నిలకడగా ఉంటే రెండో మెట్టు: ఒంటికాలి బ్రిడ్జ్, బోర్లా పడుకుని మడమని పిరుదు వైపు మడిచే లెగ్ కర్ల్. 3 సెకన్లు పైకి, 3 సెకన్లు కిందికి, 8 చొప్పున 3 లేక 4 సెట్లు, రోజు విడిచి రోజు. మూడో మెట్టులోనే తుంటి వంచి బరువెత్తడం: రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, మెట్టెక్కుడు. మడమ కుర్చీ మీద పెట్టి చేసే ఒంటికాలి బ్రిడ్జ్‌లు రెండు కాళ్లకీ 20 చొప్పున వచ్చి, మూడో మెట్టు కూడా తేలిగ్గా సాగేదాకా, ముందుకు వంగే ఆసనాలని పూర్తి లోతుకు తీసుకెళ్లొద్దు. నా దగ్గర గీత అదే.

ఇంకొకటి. అక్కడ బిగుసుకున్నట్టు ఉందని బంతి పెట్టి ఆ ఎముక మీద రుద్దడం, రోజుకి పదిసార్లు కాలు చాపి లాగడం చాలామంది చేస్తారు. ఈ దెబ్బ నయం కాకపోవడానికి పెద్ద కారణం అదే.

వేడిగది_26

ఫిజియో గారు చెప్పినదాన్ని క్లాసు వరసలో పెడతాను. కలకత్తా నుంచి వెళ్లిన బిక్రమ్ చౌదరి 1970లలో అమెరికాలో వ్యాప్తి చేసిన వరస ఇది. 26 ఆసనాలు, 2 ప్రాణాయామాలు, ఏ ఊళ్లో చేసినా అదే క్రమం. మీకు కలిసొచ్చేది అదే, ఏది ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు కాబట్టి ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్లొచ్చు.

అర్ధచంద్రాసనంలో పక్కకి వంగడం, వెనక్కి వంగడం చేయండి. వెంటనే వచ్చే పాదహస్తాసనమే మొదటి గండం. మోకాళ్లు వంచి, మడమలు వెనక నుంచి పట్టుకుని, చేతుల బలంతో లాగుతూ మోకాళ్లు చాపమంటారు. అప్పటికి క్లాసు మొదలై పావుగంట కూడా కాదు, కండరం పైపైన మాత్రమే వేడెక్కి ఉంటుంది. మడమలు పట్టుకోవద్దు. అరచేతులు తొడల మీద పెట్టుకుని, వెన్ను తిన్నగా ఉంచి, కొద్దిగా వంగి ఆగండి.

ఉత్కటాసనం మూడు భాగాలు. మొదటిది సగం లోతుకు, రెండోది మునివేళ్ల మీద. ఈ రెండూ చేయండి. మోకాళ్లు కలిపి మడమల దాకా దిగే మూడోది వద్దు. గరుడాసనంలో కాళ్లు మెలేసినా లోతుగా కూర్చోవద్దు.

ఒంటికాలి ఆసనాల్లో దాదాపు అందరూ తప్పు కాలిని కాపాడుకుంటారు. దండాయమాన జానుశీర్షాసనంలో చాపిన కాలికే దెబ్బ తగులుతుందనుకుని, కుడి కాలు చాపే వంతు వచ్చినప్పుడు మానేసి, కుడి కాలి మీద నిలబడే వంతులో పూర్తిగా చేసేస్తారు. కానీ నడుము ముందుకు వంచి పాదం పట్టుకుంటే నిలబడిన కాలి తుంటి కూడా వంగుతుంది, దాని మీద ఒంటి బరువంతా ఉంటుంది. దండాయమాన ధనురాసనంలో ఇది మరీ స్పష్టం: వెనక్కి ఎత్తిన కాలికి ఏమీ కాదు, ఒళ్లు ముందుకి దిగే కొద్దీ నిలబడిన కాలి టెండన్ ఎముకకి అదుముకుంటుంది. తులాదండాసనం 10 సెకన్లే అయినా, ఒంటికాలి మీద డెడ్‌లిఫ్ట్ చేసినట్టే లెక్క. కాబట్టి ఈ మూడింటిలో రెండు వైపులా మొదటి దశ దగ్గరే ఆగండి: ఒళ్లు నిటారుగా ఉంచి, మోకాలు కొంచెం ఎత్తి నిలబడటం, అంతే.

కాళ్లు దూరంగా పెట్టి మడమలు లాగే విభక్తపాద పశ్చిమోత్తానాసనం మీకు అన్నిటికంటే ప్రమాదం. వంపు వల్ల మాత్రమే కాదు. చెమటకి మ్యాట్ మీద టవల్ జారి, కాళ్లు ఒక్కసారిగా ఇంకో జానెడు విడిపోతే, సాగి ఉన్న కండరం ఆ కుదుపుని తట్టుకోలేదు. మ్యాట్ అంతా కప్పే టవల్ వేసి, పాదాలు పెట్టే రెండు చోట్లా ముందే కాసిని నీళ్లు చిలకరించండి, పొడి టవలే ఎక్కువ జారుతుంది. అది మిగతా ఆసనాల కోసం. ఈ ఆసనం మాత్రం వదిలేసి నిలబడి ఊపిరి తీసుకోండి. దాని తోబుట్టువైన నిలబడి తల మోకాలికి ఆనించే ఆసనమూ అంతే. త్రికోణాసనంలో అడుగు చిన్నది చేసి, ముంజేతిని తొడ మీద ఆనించండి. తాడాసనం నిరభ్యంతరం. (ఈ వరసలో తాడాసనం అంటే మనవాళ్లు వృక్షాసనం అనేది, పేరు చూసి తికమకపడొద్దు.)

నేల మీదికి వచ్చాక పవనముక్తాసనంలో మోకాలిని ఛాతీకి అదమొద్దు. తొడ వెనక చేతులు పెట్టి 90 డిగ్రీల దగ్గర ఆపండి. ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోనిది సిట్-అప్. ఆసనాల మధ్య లేచి, చేతులు విసురుగా ముందుకి తెచ్చి, కాలివేళ్లు పట్టుకుని తల దించే ఆ కదలిక. దాన్ని ఎవరూ ఆసనంగా చూడరు కాబట్టి "వంపులన్నీ మానేశాను, అయినా తగ్గలేదు" అనేవాళ్లు దాన్ని మాత్రం ప్రతిసారీ చేస్తూనే ఉంటారు. ప్రతిసారీ అది ఒక కుదుపు. పక్కకి ఒత్తిగిలి, చెయ్యి ఊని లేవండి.

భుజంగాసనం, శలభాసనం, పూర్ణ శలభాసనం, ధనురాసనం మీకు మందులాంటివి. తుంటి తిన్నగా ఉంటుంది, హ్యామ్‌స్ట్రింగ్ పనిచేస్తుంది, నొక్కుడు లేదు. శలభాసనంలో కుడి కాలు ఎత్తేటప్పుడు ఎత్తు కోసం తుంటి మెలితిప్పకుండా, అరడుగు లేచినా చాలు, పూర్తి సమయం పట్టి ఉంచండి. ఉష్ట్రాసనం చేయొచ్చు, కానీ మెల్లగా లేవాలి, ఆ వేడిలో గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. అర్ధకూర్మాసనం, శశాంకాసనం ఇప్పుడే వద్దు. చివర్లో వచ్చే జానుశీర్షాసనం, పశ్చిమోత్తానాసనం అసలే వద్దు. అప్పటికి ఒళ్లు బాగా వేడెక్కి, అలసిపోయి ఉంటుంది, ఎంత దాకా వెళ్తున్నారో మీకే తెలియదు. అర్ధ మత్స్యేంద్రాసనానికి మడత దుప్పటి మీద కూర్చోండి, కూర్చునే ఎముక గట్టి నేలకి నేరుగా ఆనకుండా.

కొన్ని వారాల తర్వాత ముందుకు వంగడం మళ్లీ మొదలుపెట్టేటప్పుడు లోతుని ఇంట్లో, చల్లగా ఉన్నప్పుడు ఖాయం చేసుకోండి. ఒళ్లు వేడెక్కకముందు మెల్లగా వంగి, లాగుడు మొదలయ్యే చోట వేళ్లు నేలకి ఎంత ఎత్తున ఉన్నాయో స్కేలుతో కొలవండి. మామూలు యోగా బ్లాకు నిలబెడితే 9 అంగుళాలు, పక్కకి తిప్పితే 6, పడుకోబెడితే 4. మీ వేళ్లు 13 అంగుళాల దగ్గర ఆగాయనుకోండి, ఒకటి పడుకోబెట్టి దాని మీద ఇంకోటి నిలబెడితే సరిగ్గా సరిపోతుంది, కాకపోతే ఊగుతుంది, కాబట్టి గోడ పక్కన పెట్టుకోండి. క్లాసులో చెయ్యి దానికి ఆనిన చోటే ఆగాలి. దిగగలిగినా దిగొద్దు.

టీచరుకి క్లాసుకి ముందే రెండు మాటల్లో చెప్పండి: "కుడి హ్యామ్‌స్ట్రింగ్ దెబ్బ, నన్ను ముట్టుకుని సర్దొద్దు." వెనక నుంచి నడుము మీద చెయ్యేసి ఒక్క నొక్కు నొక్కితే మీ 9 వారాలూ వృథా. తలుపు దగ్గర చోటు తీసుకోండి. హీటరు గాలి నేరుగా తగిలే చోటుకీ తలుపు పక్కకీ తేడా ఒంటికి బాగా తెలుస్తుంది.

ఓఆర్ఎస్_డ్యూటీ

ఐబుప్రొఫెన్ సంగతి. వద్దు, రెండు కారణాలు. ఒకటి, వేడి ఎలాగూ నొప్పిని కప్పేస్తోంది, ఇది దాని మీద ఇంకో దుప్పటి. రెండోది కిడ్నీలు. చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకి రక్తం అందేలా ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కాపాడుతుంటాయి, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ అడ్డుకునేది వాటినే. బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, లిసినోప్రిల్ లాంటివి, వాటితోపాటు నీరు పోయే మాత్ర వాడేవాళ్లకి ఇది మరీ ప్రమాదం. కండరాలు సడలడానికి ఇచ్చే టిజానిడిన్ బీపీ తగ్గిస్తుంది, మత్తు తెస్తుంది, అది వేసుకుని 40 డిగ్రీల గదిలో ఒంటికాలి మీద నిలబడొద్దు. ఇంకోటి చాలామందికి తెలియదు: సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ యాంటీబయాటిక్‌లకి టెండన్లను దెబ్బతీసే గుణం ఉందని అమెరికాలో 2008 నుంచి మందు సమాచార పత్రంలో పెట్టె గీసి ఇచ్చే తీవ్రమైన హెచ్చరికే ఉంది. ఈమధ్య వాడి ఉంటే మీ డాక్టరుకి చెప్పండి.

నీళ్లు ఎంత తాగాలో ఊహించకండి, తూకం వేయండి. క్లాసుకి ముందు మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో. తర్వాత ఒళ్లు తుడుచుకుని, తడి బట్టలు విప్పి. తగ్గిన ప్రతి కిలోకీ సుమారు లీటరు చెమట, మధ్యలో తాగింది దానికి కలుపుకోవాలి. తగ్గుదల ఒంటి బరువులో 2 శాతం దాటకూడదు. 70 కిలోలైతే 1.4 కిలోలు. అది దాటుతుంటే క్లాసు సమయం తగ్గించాలి, లోపల గుక్కలు పెంచాలి. ముందు, 4 గంటల ముందుగా కిలోకి 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే 70 కిలోలకి 350 నుంచి 490 మిల్లీలీటర్లు. తర్వాత, తగ్గిన ప్రతి కిలోకీ లీటరుంబావు నుంచి లీటరున్నర, కొన్ని గంటల్లో నిదానంగా.

మొత్తం ఉత్త నీళ్లే తాగితే సోడియం పల్చబడుతుంది. తలనొప్పి, వికారం వస్తాయి, వాటిని "నీళ్లు చాల్లేదు" అనుకుని ఇంకా తాగుతారు, అది ఇంకా చెడుపు. ఓఆర్ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లలో. లేకపోతే లీటరుకి తల కొట్టేసిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే. (బీపీకో గుండెకో ఉప్పు తగ్గించమన్నవాళ్లు డాక్టరుని అడిగాకే.)

అంత వేడిలో ఒళ్లు గగుర్పొడిచి చలి వేసినట్టు అనిపిస్తే, తల తిరిగితే, వాంతి వచ్చేలా ఉంటే వెంటనే బయటికి వచ్చి పడుకుని కాళ్లు ఎత్తున పెట్టండి. మాట తడబడినా, తికమకగా ఉన్నా అది వడదెబ్బ, అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేలోపు చన్నీళ్లతో ఒళ్లు చల్లబరుస్తూ ఉండాలి.

ఎడిసన్_ఉదయం

అందరికీ చాలా కృతజ్ఞతలండి. సిట్-అప్ సంగతి నిజంగా లెక్కలో లేదు. మూడు సందేహాలు. వారానికి ఎన్నిసార్లు? వేడి లేని గదిలో మొదలుపెట్టాలా? 35 నిమిషాల డ్రైవు కూడా కారణమై ఉంటుందా? ఇక్కడ జనవరి చలిలో తడి బట్టలతోనే కారెక్కుతుంటాను. అలాగే, తగ్గకపోతే స్టీరాయిడ్ ఇంజెక్షన్ ఆలోచిద్దాం అన్నారు.

ఫిజియో_తుంటిమోకాలు

డ్రైవుని అనుమానించాల్సిందే. పోను రాను 70 నిమిషాలు ఆ ఎముక మీదే కూర్చుంటున్నారు, అందులో కుడి కాలు పెడల్ మీద. ఒకరోజు క్లాసు లేకుండా అంతే దూరం వెళ్లి రండి, మర్నాటి అంకె రాయండి. అంకె దానికే పెరిగితే తప్పు ఆసనాలది ఒక్కటే కాదు. సీటు వెనక భాగం పల్లంగా, మోకాళ్లు తుంటి కంటే ఎత్తుగా ఉంటే వంపు ఎక్కువవుతుంది. సీటు కొంచెం ఎత్తి వెనక పల్లం పూడ్చండి, మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకూడదు. టవల్‌ని రెండంగుళాల మందాన మడిచి తొడల కింద పెట్టుకోండి, ఎముక దగ్గరికి రాకుండా. బరువు తొడల మీదికి వెళ్లి ఎముక తేలినట్టు ఉండాలి. తిరుగు ప్రయాణంలో పొడి బట్టలు మార్చుకుని, 5 నిమిషాలు నిలబడి నడిచి కారెక్కండి.

మొదటి రెండు వారాలు ఇదే వరసని, పైన చెప్పిన మార్పులతో, 24 నుంచి 26 డిగ్రీల గదిలో వారానికి 2 సార్లు. మధ్యలో కనీసం 2 రోజులు. పొద్దుటి అంకె కదలకపోతే వేడిగదిలో 40 నిమిషాలు. తర్వాత 60, ఆపైన 90. వేడి, సమయం, లోతు, ఈ మూడింటిలో ఒక వారంలో ఒకటే మార్చండి. రెండు కలిపి మారిస్తే పొద్దున అంకె పెరిగినప్పుడు ఏది కారణమో తేలదు. బరువుల వ్యాయామం వేడి క్లాసు రోజున వద్దు. అంకె పెరిగితే పూర్తిగా మంచం ఎక్కకండి, ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కండి. ఈ టెండన్ విషయంలో 3 నుంచి 6 నెలలు పట్టడం మామూలే, 9 వారాలకి తగ్గలేదని కంగారు పడక్కర్లేదు.

ఇంజెక్షన్ నొప్పి తగ్గిస్తుంది, టెండన్‌ని గట్టిపరచదు. తీసుకున్నాక నొప్పి లేని రోజులొస్తాయి, అప్పుడు అందరూ లోతుగా వంగేస్తారు. తీసుకుంటే రెండు వారాలు బరువులు, వేడిగది రెండూ ఆపి, ఇచ్చిన డాక్టరు చెప్పిన తేదీ నుంచి మొదటి మెట్టు దగ్గర మొదలుపెట్టండి.

వేడిగది_26

ఒక్కటి కలుపుతాను. 32 నుంచి 34 డిగ్రీల్లో "వార్మ్" క్లాసులు చాలా స్టూడియోల్లో ఉంటాయి. 25 నుంచి ఒకేసారి 40కి దూకేకంటే మధ్యలో అక్కడ రెండు వారాలు గడపండి. చెమట ఎలాగూ పడుతుంది, ఒళ్లు ఏం చెబుతోందో కూడా కొంత వినిపిస్తుంది. బుక్ చేసేముందు ఆ క్లాసులో ఏ ఆసనాలు చేయిస్తారో అడగండి. వార్మ్ క్లాసులు ఎక్కువగా విన్యాస పద్ధతిలో (ఒక ఆసనం నుంచి ఇంకోదానికి ఆగకుండా సాగేది) నడుస్తాయి, ప్రతి సూర్యనమస్కారంలోనూ రెండుసార్లు ముందుకు వంగాల్సి వస్తుంది. అలాంటిదైతే మీకు 40 డిగ్రీల 26 కంటే అదే ఎక్కువ దెబ్బ.